మైనం మరియమ్మకు చలిగాలి

ఆ రోజుల్లో మా రాజోలు వైపు ఎవరికైనా పిచ్చి పట్టిందంటే ఆ మాట మొహం మీద అనేవారు కాదు. "అబ్బాయిగారు ఏదో పనిలో ఉన్నారండి" అనేవారు. మర్యాద అలాంటిది. ఎనభైల మొదట్లో ఒక శీతాకాలం మొదలంతా నేను అలా ఏదో పనిలో ఉన్నాను. ఇప్పటికీ టీవీలో నున్నగా మెరిసిపోయే కంప్యూటరు బొమ్మల మధ్య ఎప్పుడైనా, మట్టితోనో గుడ్డతోనో చేసి, ఇంతింత కదిపి, ఒక్కొక్క ఫొటోగా తీసిన బొమ్మల సినిమా కనిపించిందంటే నా చేతిలో కాఫీ చల్లారిపోవలసిందే. ("మొదలైంది" అని మా ఆవిడ లోపలికి వెళ్ళిపోతుంది.) ఆ బొమ్మలు అడుగు తీసి అడుగు వేస్తే చాలు, నా మనసు చిన్నపిల్లాడిలా ముందు వరసలో వెళ్ళి కూర్చుంటుంది. ఆ వెనకే, నా జీవితంలో నేను తీసిన ఒకే ఒక్క సినిమా గుర్తొస్తుంది.

ఈ జబ్బు నాకు అంటించింది ఒక ఎలుగుబంటి. నేను చిన్న క్లాసుల్లో ఉండగా, క్రిస్మసు రోజుల్లో ఎక్కడినుంచో ఒక వ్యానులో ప్రొజెక్టరు వేసుకుని ఒకాయన వచ్చి, మా చర్చి ఆవరణలో తెల్లగుడ్డ కట్టి ఒక బొమ్మల సినిమా వేశాడు. మంచులో ఒక ఇల్లు, ఇంట్లో ఎలుగుబంటి సంసారం. తల్లి ఎలుగు పిల్లకి స్వెట్టరు అల్లుతూ ఉంటుంది, సగంలో ఉన్ని అయిపోతుంది, అప్పుడది తన ఒంటి మీది బొచ్చే పీకి అల్లడం మొదలుపెడుతుంది. అంతే కథ. మాటల్లేవు. కానీ ఆవరణలో చిన్నా పెద్దా ఒక్కరు కదల్లేదు. మా నాన్నగారు (హెడ్మాస్టరు, నవ్వితే క్రమశిక్షణ పోతుందని భయం) కండువాతో కళ్ళజోడు తుడుచుకున్నారు. మా మామ్మ అయితే, అంటే మా నాన్నగారి అమ్మ, "అయ్యో తల్లీ, నీకు చలెయ్యదా!" అని ఎలుగుబంటికి వినబడేలా కేకేసింది. నాకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. ఇంట్లో కిటికీలు మూసే ఉన్నాయి, గాలి లేదు, అయినా ఆ తల్లి ఒంటి మీద బొచ్చు నిమిష నిమిషానికీ అల్లాడుతోంది. సినిమా అయ్యాక వెళ్ళి ఆయన్ని అడిగితే, రీలు చుట్టుకుంటూ చెప్పాడు: "గాలి కాదు బాబూ. బొమ్మని కదిపినవాళ్ళ వేళ్ళు. వేలు తగిలిన చోట బొచ్చు అణుగుతుంది. మనిషి కనపడడు కానీ చెయ్యి పడ్డ గుర్తు ఉండిపోద్ది." ఆ మాట విన్నాక నేను మళ్ళీ మనిషిని కాలేదు. చాలా ఏళ్ళు ఇంట్లో అగ్గిపెట్టెలూ చెంచాలూ జరుపుకుంటూ తిరిగాను.

అలా జరుపుకుంటూ జరుపుకుంటూ డిగ్రీ దాకా వెళ్ళి, ఫిజిక్సు దగ్గర ఆగిపోయాను. పరీక్ష తప్పి ఇంట్లో కూర్చున్నవాడికి రాజోలులో దొరికేంత ఓదార్పు ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు, అదే ప్రాణం తీస్తుంది. "పర్వాలేదండి, మీ తెలివితేటలకి పరీక్షలేం లెక్కండి" అని దారిన పోయే ప్రతివారూ ఆగి చెప్పేవారు. నాన్నగారు ఓదార్చకుండా టీచరు ట్రైనింగు అప్లికేషను తెచ్చి బల్ల మీద పెట్టారు. సరిగ్గా అప్పుడే, మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావ సెలవుకి వచ్చి, తిరిగి వెళ్తూ ఒక చిన్న సినిమా కెమెరా, దాని ప్రొజెక్టరు మా ఇంట్లో వదిలి వెళ్ళాడు. "ఒక్క రీలే మిగిలిందిరా బావా. మూడు నిమిషాల బొమ్మ వస్తాది. ఈ వైరు చివర మీట ఉంది చూసేవా, ఇది నొక్కితే ఒకసారికి ఒక్క ఫొటోయే పడతాది. నీకు పనికొస్తాదేమో" అన్నాడు. ఒక్కసారికి ఒక్క ఫొటో! ఎలుగుబంటి వచ్చి భుజం తట్టినట్టయింది.

మద్రాసు వెళ్ళి కెమెరా పని నేర్చుకుంటానని నాన్నగారితో చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి కొబ్బరిచెట్లను చూశారు. (మా ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆ చెట్ల సలహా మీదే.) చివరికి అన్నారు: "సరేరా. ఆ బొమ్మల సినిమా ఏదో తియ్యి. క్రిస్మసుకి చర్చిలో వేద్దాం. సంఘం చూసి బాగుందంటే మద్రాసు పంపిస్తాను. లేదంటే మాట్లాడకుండా ట్రైనింగులో చేరాలి. ఏవంటావు?" నేను "ఆయ్" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ తరవాతి ఆదివారం చర్చి ప్రకటనల్లో నాన్నగారు లేచి నిలబడి, "ప్రభువు జననాన్ని మా అబ్బాయి కదిలే బొమ్మలతో చూపించబోతున్నాడు, అందరూ రావాలండి" అని చెప్పేశారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆ పని కోసం ప్రత్యేకంగా ప్రార్థన కూడా చేశారు. ఇంక దేవుడికి కూడా చెప్పేశాక వెనక్కి తగ్గడానికి దారేది?

మొదట కాలవ ఒడ్డు మట్టితో బొమ్మలు చేశాను. ఎండాక కదిపితే మెడలు విరిగాయి. యోసేపుకి తల నిలబడలేదు, గాడిదకి కాళ్ళు నిలబడలేదు. చర్చిలో కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు అడిగి తెచ్చి మైనంతో చేశాను. అదీ పెళుసే, వంచితే పుటుక్కుమంది. అప్పుడు నాలోని సైన్సు విద్యార్థి మేలుకున్నాడు. (పరీక్ష హాలులో ఎప్పుడూ మేలుకోలేదు.) మైనంలో కొబ్బరినూనె కలిపి పిసికితే వెన్నలా మెత్తబడి చెప్పినట్టు వింటుందని కనిపెట్టాను. ఎంత పొంగిపోయానో! కోనసీమలో పుట్టినవాడికి కొబ్బరినూనె సంగతి తెలియదా అంటే, తెలుసు. చలికి గడ్డ కడుతుంది, సెగకి కరిగి నీళ్ళవుతుంది, ప్రతి ఇంట్లో సీసా చూసే ఉంటారు. ఆ నూనెతో చేసిన మరియమ్మని, యోసేపుని, పెద్ద పెద్ద బల్బుల కింద నిలబెట్టాలని తెలిసి కూడా వాళ్ళు కరుగుతారన్న ఆలోచన నాకు రాలేదంటే, ఫిజిక్సు మాస్టారు నాకు అన్యాయమేమీ చెయ్యలేదని ఒప్పుకోవలసిందే.

పక్కగదిలో పాత బల్ల మీద బేత్లెహేము వెలిసింది. గడ్డితో పశువులపాక, బాలయేసుకి పడక కొబ్బరిచిప్ప, అందులో మెత్తగా కొబ్బరిపీచు. గొర్రెలకి దూది. తూర్పుదేశపు జ్ఞానుల కోసం మూడు ఒంటెలు కావాలి, మా ప్రాంతంలో ఒంటె కాలు పెట్టిన పాపాన పోలేదు. ఎప్పుడో రాజమండ్రి సర్కసులో చూసింది తలుచుకుని చేస్తే, మూపురం పెట్టిన గేదెలు వచ్చాయి. కెమెరాని ఒక స్టూలుకి తాడుతో కట్టి, వైరు మీట పట్టుకుని, కదపడం, నొక్కడం, కదపడం, నొక్కడం మొదలుపెట్టాను.

మా మామ్మ వచ్చి నా పక్కన పీట వేసుకు కూర్చుంది. మామ్మ అంటే మా వీధికి పురుళ్ళ పెద్ద. మంత్రసాని కాదు, ఆస్పత్రికి ఎదురు కాదు, కానీ వీధిలో ఏ ఇంట్లో పసిబిడ్డ పుట్టినా బాలింతకి ఏం పెట్టాలి, ఎప్పుడు తల తుడవాలి, ఏ కిటికీ మూయాలి అన్నది మామ్మ చెప్పాక జరగవలసిందే. శీతాకాలం వస్తే ఆవిడ రెండు చెవుల్లోనూ దూది పెట్టుకునేది, అంచేత ఆవిడతో మాట్లాడ్డం అంటే కేకలు వెయ్యడమే. కాసేపు చూసి అడిగింది:

"ఎందుకురా మాటికీ ఆ మీట నొక్కుతావు?"

"కదిపినప్పుడల్లా నొక్కాలి మామ్మా!"

"నొక్కకపోతే?"

"నొక్కకపోతే కదిపినట్టు కాదు! లెక్కలోకి రాదు!"

"ఆహా" అని మామ్మ తల ఊపి, కొబ్బరిచిప్ప వైపు వంగి చూసి, ఒక్కసారి మొహం మార్చేసింది. "అదేవిట్రా, పచ్చి బాలింతరాల్ని అలా నిలబెట్టేసేవు? బిడ్డ పుట్టి పూటయినా కాలేదు. ఓ గుడ్డ లేదు, చెవుల్లో దూది లేదు, ఆ పాకకి తలుపైనా లేదు. చలిగాలి తగిల్తే మనిషి బతుకుద్దా?"

"ఇది సినిమా మామ్మా!"

"సినిమా అయితే మాత్రం చలెయ్యదా?"

నేను మీట నొక్కాను. కళాకారుడు పనిలో ఉన్నప్పుడు ఇలాంటి ప్రశ్నలకి సమాధానం చెప్పకూడదని ఏదో పుస్తకంలో చదివాను. మామ్మ లేచి వెళ్ళిపోయింది. ఊరుకుందనుకున్నాను.

ఆ పైన కష్టాలు ఒకదాని వెనక ఒకటి, పిలిచినట్టుగా వచ్చాయి. మా ఇంటికి రోజూ పేపరు చదవడానికి వచ్చే ఒక కొబ్బరికాయల వ్యాపారి బాబాయిగారు ఉండేవారు, మేమంతా పేపరు బాబాయిగారు అనేవాళ్ళం. ఆయన పేపరు మడిచి నేరుగా బేత్లెహేములోకి వచ్చేసి, "ఏదీ అబ్బాయిగారూ, ఓసారి చూడనివ్వండి" అని ఒంటెని చేతిలోకి తీసుకునేవారు. పెద్దమనిషి, వద్దని ఎలా అనడం? మా ఊళ్ళో ఎవరినీ ఎవరూ వద్దనలేరు. ఆయన ఒంటె మూతి రెండు వేళ్ళతో సాగదీసి, "మూతి ఇంకొంచెం ఉండాలండి. నేను చూళ్ళేదనుకోండి, కానీ ఉండాలి" అని, తీసిన చోట కాకుండా, తనకి బాగుందనిపించిన చోట పెట్టేవారు. ఆపైన "మీరు కానివ్వండి, మీ పనికి అడ్డం రాకూడదు" అని కాఫీ వచ్చేదాకా అక్కడే నిలబడేవారు. బల్బుల వేడికి యోసేపు రోజురోజుకీ కుంగిపోయాడు. ఎన్నిసార్లు లాగి నిలబెట్టినా, నజరేతులో బయలుదేరినప్పుడు గాడిద కంటే పొడుగున్న మనిషి బేత్లెహేము చేరేసరికి గాడిద చెవులు అందుకునేలా లేడు. ఒక ఉదయం కాలవకి స్నానానికి వెళ్ళి వచ్చేసరికి పక్కగది గోడలు తెల్లగా తళతళలాడుతున్నాయి. అమ్మ సున్నం కొట్టించేసింది.

"అమ్మా, సగం సినిమా పాత గోడ మీద తీసేనే!"

"డిసెంబరొస్తే సున్నాలవాళ్ళు దొరకరు నాన్నా. క్రిస్మసుకి ఇల్లు తెల్లగా లేకపోతే నలుగురూ ఏవనుకుంటారు? యేసుప్రభువు పుట్టిన ఇల్లు మాత్రం శుభ్రంగా ఉండక్కర్లేదా?"

వీటన్నిటికీ మించి మరియమ్మ సంగతి. సాయంత్రం నేను శుభ్రంగా నిలబెట్టి వెళ్ళిన మరియమ్మ, పొద్దెక్కాక లేచి వచ్చి చూసేసరికి వెల్లకిలా పడుకుని ఉండేది. (పొద్దెక్కేదాకా పడుకోవడం కూడా కళాకారుడి లక్షణమే అని అదే పుస్తకంలో చదివాను.) ప్రతి ఉదయం ఇదే వరస. బుర్ర బద్దలుకొట్టుకుని, తెల్లవారుజాము చల్లదనానికి నూనె గడ్డకట్టి, మైనం ముడుచుకుని, గరిమనాభి జరిగి పడిపోతోందని తేల్చాను. మరియమ్మ చెవుల దగ్గరా, కొబ్బరిచిప్పలోనూ దూది కనిపించేది, గొర్రెల మీది దూది గాలికి ఎగిరి అతుక్కుందని ఏరి పారేశాను. ఒకరోజు మరియమ్మ పక్కన నల్లటి చిన్న ఉండ కనిపించింది. ఎలకల పని అని రెండు వేళ్ళతో పట్టుకుని అవతల పారేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ప్రతిదానికీ కారణం దొరికింది, ఒక్క కారణమూ నిజం కాదు. ఇంత సైన్సు పరీక్షలో రాసి ఉంటే పాసయ్యేవాణ్ణి.

నిజంగా గుండె జారిపోయింది మాత్రం రీలు అయిపోయినప్పుడు. లెక్క ప్రకారం ఇంకా ఉండాలి. జ్ఞానులు ముగ్గురూ ఇంకా బల్ల కుడిచివరన, గేదెల్లాంటి ఒంటెల మీద, అప్పుడే బయలుదేరారు. బేత్లెహేముకి ఇంకా బోలెడు దూరం. మీట నొక్కితే కెమెరా పలకలేదు. మళ్ళీ నొక్కాను. స్టూలు పక్కన నేల మీద కూర్చుండిపోయాను. మద్రాసు ఆ బల్ల చివరనే ఆగిపోయినట్టు అనిపించింది. రెండో రీలు రాజోలులో కాదు, రాజమండ్రిలో కూడా దొరకదు. బావకి రాస్తే మస్కట్ నుంచి వచ్చేసరికి ఈస్టరు వెళ్ళిపోతుంది. ఉన్నది ఉన్నట్టు పార్సిలు కట్టి బొంబాయికి, రీళ్ళు కడిగే చోటికి పంపించాను. ఆ పైన రోజూ పోస్టుమాన్ కోసం ఎదురు చూడడం, రాకపోతే బాగుండునని కోరుకోవడం, రెండూ ఒకేసారి చేసేవాణ్ణి.

వచ్చింది. సరిగ్గా క్రిస్మసు ముందు రోజు మధ్యాహ్నం, ప్రొజెక్టరులో పెట్టి ఒకసారి చూసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా, పొద్దున పోయిన కరెంటు ఇంకా రాకముందే వచ్చింది. సాయంత్రం కరెంటు వచ్చింది, జనమూ వచ్చారు. చర్చి పక్క హాలులో మా నాన్నగారి తెల్లటి గ్లాస్గో పంచె తెరలా గోడకి కట్టాం. నాన్నగారు ముందు వరస కుర్చీలో, ఆయన పక్కన చెవుల్లో దూదితో మామ్మ, వెనకాల అయ్యగారు, పేపరు బాబాయిగారు, వీధి మొత్తం. నేను ప్రొజెక్టరు వెనక నిలబడి, మొదటిసారి నా సినిమాని నేను కూడా వాళ్ళతోపాటే చూశాను.

యోసేపు గాడిదని నడిపిస్తూ వచ్చాడు. నిజం చెప్పాలంటే మొదటి నాలుగు అడుగులూ బాగున్నాయి. ఐదో అడుగు నుంచి కుంగడం మొదలైంది. అతను నడుస్తున్నకొద్దీ పొట్టివాడైపోతుంటే, చీకట్లో ఎవరో పెద్దాయన మెల్లగా, "ప్రయాణంలో యోసేపుగారు బాగా తగ్గిపోయేరండి" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. నవ్వు ఆపుకుంటున్న చప్పుడు, కుర్చీలు కదిలే చప్పుడు, దొంగ దగ్గులు వినిపించాయి. ఇంతలో బేత్లెహేముకి చటుక్కున సున్నం పడి తెల్లారిపోయింది. "క్రిస్మసుకి వేయించుంటారండి" అని సమర్థించిందొక ఆవిడ. మద్రాసు రైలు కూత వేసుకుంటూ నన్ను వదిలేసి వెళ్ళిపోతున్నట్టు చెవుల్లో హోరు మొదలైంది. మరియమ్మ పాకలో ఠీవిగా నిలబడి ఉంది, బిడ్డ వైపు కాదు, గోడ వైపు చూస్తూ. అది నా దర్శకత్వం.

అప్పుడు తెర మీదికి ఒక చెయ్యి వచ్చింది.

ముడతలు పడ్డ చెయ్యి. ఒక్క గాజు. అది మెల్లగా, ఎంత మెల్లగా అంటే నేను ఏనాడూ అంత మెల్లగా కదపలేదు, మరియమ్మ నడుం కింద ఆసరా పెట్టి కూర్చోబెట్టింది. వీపు నిమిరింది. పడుకోబెట్టింది. మొహాన్ని గోడ వైపు నుంచి ఇంచి ఇంచీ తిప్పి, కొబ్బరిచిప్ప వైపు పెట్టింది. చెవులకి దూది పెట్టింది. ఇంకొంచెం దూది పింజలు పింజలుగా విడదీసి బిడ్డ మీద దుప్పటిలా కప్పి, అంచులు లోపలికి దోపింది. ఆ తరవాత చూపుడువేలుతో బిడ్డని జోకొట్టింది. ఆ వేలు తగిలినప్పుడల్లా దూది చిన్నగా అణిగి, లేచి, బిడ్డ ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంది. ఎలుగుబంటి బొచ్చు! పన్నెండేళ్ళు నేను వెతుక్కున్నది అదే. అది నా సినిమాలో ఉంది, నేను తియ్యలేదు.

హాలులో దగ్గులు ఆగిపోయాయి. మళ్ళీ నేను తీసిన ముక్క వచ్చింది, మరియమ్మ టక్కున లేచి నిలబడింది. "అయ్యయ్యో, లేవకూడదండి!" అని ఆడవాళ్ళ వైపు నుంచి నిజంగానే కేక వచ్చింది. మళ్ళీ చెయ్యి వచ్చింది, మళ్ళీ పడుకోబెట్టింది. ఆడవాళ్ళంతా హమ్మయ్య అనుకున్నారు. ఈసారి చెయ్యి మరియమ్మ తలంత నల్లటి ఉండ తెచ్చి పక్కన పెట్టింది. "కాయం ఉండండి! బాలింత కాయం!" అని ఇద్దరు ముగ్గురు ఒకేసారి అన్నారు. (బాలింతలకి పెట్టే మందు ఉండ. నేను ఎలకల పనని చేతులు కడుక్కున్నది దానికే.) ఇలా ఎన్ని ఉదయాలు గడిచాయో అన్నిసార్లు, నేను లేపడం, ఆ చెయ్యి పడుకోబెట్టడం. ఎవరో చీకట్లో సన్నగా జోలపాట మొదలుపెట్టారు, పక్కవాళ్ళు అందుకున్నారు.

మామ్మకి చెవుల్లో దూది వల్ల ఆ పాట వినబడలేదు. గట్టిగా, అందరికీ వినబడేలా, ఎంతో సంతోషంగా అంది: "అది నా చెయ్యేరా! తెల్లారగట్ట ప్రార్థన చేసుకుని వెళ్ళి, లైట్లేసి చూసేదాన్ని. ఓ చేత్తో కదిపేను, ఓ చేత్తో నొక్కేను. కదిపితే నొక్కాలన్నావు కదా? నొక్కకపోతే లెక్కలోకి రాదన్నావు కదా? ఒక్కటీ వదల్లేదు!"

రీలు ఎక్కడికి పోయిందో అప్పుడు అర్థమైంది. తెర మీద జ్ఞానులు ఎడారి అంచున కనిపించారు, ఒంటెలు గభాలున మూతులు సాగదీశాయి, ఒక అడుగు వేశాయి, తెర తెల్లబడింది. ప్రొజెక్టరులో రీలు చివర టపటపా కొట్టుకుంటోంది. పేపరు బాబాయిగారు, "మిగతాది రేపాండి?" అని అడిగారు. అయ్యగారు ఆదుకున్నారు. లేచి, "జ్ఞానులు వచ్చినా రాకపోయినా ప్రభువు పుట్టేరండి, ప్రార్థన చేసుకుందాం" అన్నారు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచే ఉంచి, తల ఎక్కడ బాదుకోవాలా అని హాలు నాలుగు గోడలూ చూశాను. బయటికి వెళ్తూ ఒక్కరంటే ఒక్కరు బాగోలేదని అనలేదు. "చాలా బాగుందండి, మామ్మగారూ" అన్నారు.

క్రిస్మసు పొద్దున కొత్తబట్టల వాసనా, పాకుండల వాసనా ఇల్లంతా నిండి ఉండగా నాన్నగారు నన్ను పిలిచారు. కాసేపు కొబ్బరిచెట్లని చూశారు. "సంఘం బాగుందందిరా. నాకూ బాగుంది. మాటంటే మాటే" అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. "కానీ న్యాయంగా చూస్తే, బాగుందన్న ముక్కలన్నీ మా అమ్మ తీసినవి. మద్రాసు పంపాలంటే ఆవిడ్ని పంపాలి. ఆవిడ ఈ వయసులో వెళ్తానంటుందో లేదో అడిగి చెప్పు." ఆయన మొహంలో నవ్వు లేదు, క్రమశిక్షణ చెక్కుచెదరలేదు. వెళ్ళి మామ్మని అడిగాను, కేకేసే అడిగాను. ఆవిడ నిజంగానే కొంచెం ఆలోచించి, "మద్రాసులో చలుంటాదా?" అంది. ఉండదన్నాను. "అయితే అక్కడ నాతో పనేవుందిరా" అంది. జనవరిలో నేను ట్రైనింగులో చేరాను.

ఏడ్చానా అంటే, ఏడ్చాను. ట్రైనింగు హాస్టలులో దుప్పటి ముసుగేసుకుని, ఆ జ్ఞానులు ముగ్గురూ పాక దాకా చేరి ఉంటేనా అని ఎన్నాళ్ళో ఏడ్చాను. చేరినా ఏమీ అయ్యేది కాదని నాకు అప్పుడే తెలుసు, అదే ఎక్కువ ఏడిపించింది. తీసినది నేనైనా బొమ్మకి ప్రాణం పోసింది నేను కాదు. కదపడం నేర్చుకున్నాను కానీ ఆ బొమ్మకి చలేస్తుందేమోనని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ అనుకోవడం ఏ మద్రాసులో నేర్పుతారో నాకు ఇప్పటికీ తెలియదు. మామ్మ మరికొన్నాళ్ళకి పోయింది. ఆవిడకి ఒకే ఒక్క ఫొటో ఉంది, పెళ్ళిలో అందరితో కలిసి తీసింది, చేతులు రెండూ పమిటలో దాచుకుని ఉంటుంది. ఆ చేతులు కదలడం చూడాలంటే ఇంక నా సినిమాయే దిక్కు.

ముక్తేశ్వరం బళ్ళో మాస్టారుగా పని చేసినంతకాలం, క్రిస్మసు సెలవులకి ముందురోజు మా క్లాసు పిల్లలకి ఆ రీలు వేసి చూపించేవాణ్ణి. ఇంట్లో టీవీలో ఎన్నెన్నో చూసి వచ్చే పిల్లలు కూడా యోసేపు కుంగుతుంటే పడీ పడీ నవ్వేవారు, చెయ్యి రాగానే గప్‌చుప్‌గా అయిపోయేవారు. ఏ సంవత్సరమూ ఇందులో తేడా రాలేదు. చివరికి ప్రొజెక్టరు బల్బు కాలిపోయిన ఏడాది, అది కాలిపోవడానికి ఒక్క నిమిషం ముందు, ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల లేచి అడిగింది.

"మాస్టారూ, ఆ చెయ్యి ఎవరిదండీ?"

"డైరెక్టరు గారిదమ్మా."

"మరి మీరేం చేసేరండీ ఇందులో?"

"ఒంటెలు చేసేను" అన్నాను.

తెర మీద అప్పుడే ఒంటెలు మూతులు సాగదీస్తున్నాయి. ఆ పిల్ల తల ఇటోసారి అటోసారి వాల్చి వాటిని చూసింది. రాజోలులో పుట్టకపోయినా కోనసీమ పిల్లే కదా.

"ఆయ్, అవి కూడా బాగానే ఉన్నాయండి" అంది.